చొప్ప లెక్క



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన్ను కనిగిరి, పొదిలి, దర్శి వైపు మెట్ట ఊళ్లలో పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన గొడ్ల డాక్టరుగారు. ఆ పిలుపంటే ఆయనకు ఇష్టం కాబట్టి ఈ పూట నేనూ డాక్టరుగారనే అంటాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఇక్కడి గొడ్డూ గోదా, గొర్రే మేకా ఆయన చేతుల మీదుగా బతికాయి. నేను పశువైద్యుణ్ణి కాను. జొన్న మీద పనిచేసినవాణ్ణి. అయినా నాకు సగం చదువు చెప్పింది ఆయనే. నా డిగ్రీలు నన్ను జొన్న కంకి దాకా తీసుకొచ్చి వదిలేశాయి. కంకి కింద ఉన్న ఆరడుగుల దంటును చూడమన్నది డాక్టరుగారు. మనలాంటి ఉష్ణదేశాల్లో పంటను ఒక పుస్తకంలో, పశువును ఇంకో పుస్తకంలో లెక్క రాస్తే రెండు లెక్కలూ తప్పుతాయి. ఆ తప్పు నేను చేశాను. ముందు అదే చెబుతాను.

మన దేశంలో మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్‌-1 విడుదలైంది 1964లో. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఊపు ఇంకా తగ్గలేదు. పొట్టి రకం, తొందరగా కోతకొచ్చే రకం, ఎరువేస్తే పడిపోని రకం, గింజ ఎక్కువిచ్చే రకం కావాలని మా తపన. మొక్క వండుకున్న తిండిలో ఎంత ఎక్కువ భాగం గింజలోకి దిగితే ఆ రకం అంత మంచిదని మాకు నేర్పారు. మిగతాదాన్ని పంట అవశేషం అనేవాళ్లం. ఇప్పటికీ అలాగే అంటున్నాం. చొప్పను, వరిగడ్డిని, కంది పొట్టును, వేరుశనగ కట్టెను కలిపి అవశేషాలు అనే ఒక్క మాటలో చుట్టేశాం. ఏడాదిలో ఎనిమిది నెలలు పశువు కడుపు నింపేది అదే అయినప్పుడు దాన్ని అవశేషం అనడానికి నాకు ఇప్పుడు నోరు రాదు.

అలాంటి ఒక పొట్టి సంకర రకాన్ని ఇటువైపు ఊళ్లలో నేనే వేయించాను. మొదటి ఏడు గింజ బాగా వచ్చింది. రైతులు మెచ్చుకున్నారు. రెండో ఏడు సగంమంది వేయలేదు. మూడో ఏడు విత్తనం ఉచితంగా ఇస్తామన్నా తీసుకున్నవాళ్లు లేరు. రైతుల్లో అవగాహన లోపం అని నివేదికలో రాసి పంపాను. ఆ మాట రాసినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

ఆ నివేదిక సంగతి డాక్టరుగారికి ఎలా తెలిసిందో తెలియదు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం తన మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని నా రకం వేసిన రైతు ఇంటికి తీసుకెళ్లారు. పెరట్లో వామి ఉండాల్సిన చోట రాళ్ల వరస, దాని మీద కాస్త చెత్త మిగిలాయి. కొట్టంలో ఒకటే ఎద్దు ఉంది. రెండో గుంజ ఖాళీ. “గింజ నాలుగు బస్తాలు ఎక్కువే వచ్చింది సార్. చొప్ప చాలక ఎద్దును తోలేశాను” అన్నాడాయన. కోపంగా అనలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి మరీ చెప్పాడు. తోలేయడమంటే సంతలో అమ్మేయడం. వేసవి చివర మేత లేని రోజుల్లో అమ్మే గొడ్డుకు ధర ఉండదు. వాన పడ్డాక దుక్కికి కొనబోతే అదే గొడ్డు రెట్టింపు పలుకుతుంది. ఆ తేడా ముందు నా నాలుగు బస్తాల గింజ ఏ మూలకు?

పక్కింటి వామిలోంచి డాక్టరుగారు పాత రకం దంటొకటి లాగి, కణుపు దగ్గర విరిచి నా చేతికిచ్చారు. నమలమన్నారు. ఆరునెలల కిందట కోసిన దంటులో ఇంకా తీపి మిగిలి ఉంది. తర్వాత నా రకం దంటు ఇచ్చారు. బెండు నమిలినట్టుంది. “పశువుకూ నాలుక ఉంది కదండీ” అని ఊరుకున్నారు.

ఆ తేడాను శాస్త్రం చాలా ఏళ్ల తర్వాత అంకెల్లో పెట్టింది. హైదరాబాదు చొప్ప అడితీల్లో పరిశోధకులు నెలల తరబడి ధరలు రాసుకుని, నమూనాలు తీసుకెళ్లి ప్రయోగశాలలో పరీక్షించారు. పశువు కడుపులో 47 శాతం అరిగే చొప్పకూ 52 శాతం అరిగే చొప్పకూ మధ్య ధరలో నాలుగో వంతు తేడా కనిపించింది. అయిదు పాళ్ల అరుగుదల తేడాను, ఏ యంత్రమూ లేకుండా, చేత్తో తడిమి, కంటితో చూసి ఆ వ్యాపారులూ పాడి రైతులూ పసిగడుతున్నారు. మహారాష్ట్రలో 1930ల్లో ఎంపిక చేసిన మాల్దండి జొన్న, అంటే ఎం 35-1, ఎన్ని కొత్త రకాలు వచ్చినా దక్కను నల్లరేగళ్లలో దశాబ్దాల పాటు కదలకుండా నిలబడింది. దాని గింజతో మనిషికి రొట్టె, దంటుతో ఎద్దుకు మేత దొరికేవి. రెండింటికీ ఒకే వాన చాలేది.

వాన అన్నాను కాబట్టి, ఇక్కడ కాస్త నిలబడాలి.

చలి దేశాల్లో పశువుకు కష్టకాలం చలికాలం. మంచు కురుస్తుంది, గడ్డి పెరగదు. కానీ ఆ చలే అక్కడి నేలలోని సత్తువను కాపాడుతుంది. నేలలో కుళ్లే పని ఆగిపోతుంది. మన దగ్గర అలా ఆగదు. ఎండాకాలం నేల కాగుతుంది, తొలకరి తడి తగలగానే నేలలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి, ఉన్న సేంద్రియ పదార్థాన్ని తినేస్తాయి. ఏటా తిరిగి ఇవ్వకపోతే నేల ఏటా పేదదవుతుంది. పెంట అవసరం మనకు చలిదేశాల రైతుకంటే ఎక్కువ. దొరికేది మాత్రం తక్కువ.

గడ్డి సంగతీ అంతే. మృగశిర వానకు లేచిన గడ్డి కళ్లముందే పెరుగుతుంది. అంత వేగంగానూ ముదురుతుంది. నెలన్నర తిరిగేసరికి కాడ గట్టిపడి, మాంసకృత్తులు పడిపోయి పీచవుతుంది. వానల్లో పచ్చగా కనిపించే బీడు చూసి మేత పుష్కలంగా ఉందనుకుంటే పొరపాటు. అసలు పరీక్ష సంక్రాంతి తర్వాత మొదలై రోహిణి కార్తె దాకా నడుస్తుంది. ఆ నెలల్లో పశువు ముందుండేది ఎండుమేతే.

ఎండు చొప్పలో, వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం మించవు. నెమరువేసే జీవి కడుపు ఒక పెద్ద పులియబెట్టే కాగు లాంటిది. గడ్డిని అరగదీసేది పశువు కాదు, దాని కడుపులో కోటానుకోట్లుగా ఉన్న సూక్ష్మజీవులు. వాటికి నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు ఏడు శాతం కంటే తగ్గితే అవి నీరసిస్తాయి, కడుపు ఖాళీ కాదు. గడ్డి ముందున్నా పశువు తినలేదు. ఒట్టి గడ్డి మేసిన గొడ్డు పొట్ట పెరిగి, వెన్నెముక తేలి కనిపించేది ఇందుకే. మన పెద్దలకు నత్రజని అనే మాట తెలియకపోయినా చొప్పతోపాటు కంది పొట్టు, మినప పొట్టు, వేరుశనగ కట్టె కలిపి వేసేవాళ్లు. దుక్కిరోజుల్లో ఎద్దుకు ఉలవలు ఉడికించి పెట్టేవాళ్లు. ఆ ఉడికిన నీటిని పారబోయకుండా ఇంటి ఆడవాళ్లు కాచి చారు పెట్టారు. ఇవాళ హైదరాబాదు హోటళ్లలో మీగడ వేసి వడ్డించే ఉలవచారు పుట్టుక ఎద్దుల దాణా దగ్గరే. కృష్ణా, గోదావరి డెల్టా రైతులు వరి కోతకు ముందే తడి ఆరని మడిలో పిల్లిపెసర, జనుము చల్లుతారు. వరి కోసేసరికి అవి మొలిచి ఉంటాయి. నీరు పెట్టకుండా, దున్నకుండా, వరిగడ్డికి జోడీగా పచ్చిమేత సిద్ధమవుతుంది. పైగా నేలకు నత్రజని కూడా అందుతుంది. ఇంత పొందికైన పద్ధతిని నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

ఇప్పుడు నా రెండో తప్పు చెప్పాలి. ఇది మొదటిదానికంటే పెద్దది.

నేను వేయించిన ఆ సంకర జొన్నకు కోశాక మళ్లీ పిలకలు వేసే గుణం ఉండేది. ఆ సంగతిని నా నివేదికలో మెచ్చుకుంటూ రాశాను. కోత తర్వాత వాన పడితే రెండో పంట కూడా తీసుకోవచ్చని రైతులకు చెప్పాను. వేసవి చివర ఒక జల్లు పడింది. కొయ్యకాళ్ల మీద జానెడు పచ్చ పిలకలు లేచాయి. చుట్టూ ఎక్కడా పచ్చగడ్డి లేని రోజులు. పిల్లవాడు తోలుకెళ్తున్న మందలోంచి అయిదు గొడ్లు ఆ చేలోకి దూరాయి.

దానికి మన భాషలో పేరుంది. నాము. జొన్న మోడుల మీద మళ్లీ మొలిచిన లేత పిలక. ఈ సభలో ఉన్న అరవై దాటిన రైతులందరికీ ఆ మాట తెలుసు. నాకు తెలియదు. జొన్న మీద డాక్టరేటు తీసుకున్నాను, నాము అన్న మాట వినలేదు. ధురిన్ అనే పదార్థం లేత జొన్న ఆకులో ఉంటుందనీ, ఆకు నలిగితే అందులోంచి హైడ్రోసయానిక్ ఆమ్లం పుడుతుందనీ చదువుకున్నాను. నీటి ఎద్దడి పడ్డ మొక్కలో, మోడు మీద లేచిన పిలకలో అది ఎక్కువగా ఉంటుందనీ చదివాను. కానీ నా రకం గుణాలు రాసేటప్పుడు ఆ ముక్క గుర్తుకే రాలేదు. ఎందుకంటే నా లెక్కలో పశువు లేదు.

నేను చేరేసరికి రెండు గొడ్లు చనిపోయాయి. మూడోది కాళ్లు బారజాపి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. డాక్టరుగారు దాని కింది పెదవి మడిచి నాకు చూపించారు. చిగుళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఊపిరి అందక చస్తున్న జీవి చిగుళ్లు నల్లబడాలి కదా అనుకున్నాను. ఈ విషం ఊపిరిని ఆపదు. ఒంట్లో కణాలు రక్తంలోని ప్రాణవాయువును వాడుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే రక్తం అంత ఎర్రగా ఉంటుంది, అంత ఎర్రటి రక్తంతోనే గొడ్డు పోతుంది. ఆయన సంచిలో విరుగుడు ఇంజక్షన్లు మూడింటికి సరిపోయేన్ని లేవు. టౌనులో ఫోటో స్టూడియోకు మనిషిని పరుగెత్తించారు. ఫోటోలు కడగడానికి వాడే హైపో స్ఫటికాలు, సోడియం థయోసల్ఫేట్, అదే మందు. నీళ్లలో కలిపి గొట్టంతో తాగించారు. రెండు బతికాయి. మూడు పోయాయి.

అంతా అయ్యాక చేతులు కడుక్కుంటూ నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు. “ఈ రకాన్ని విడుదల చేసేముందు పశువుకు పెట్టి చూశారా?” లేదన్నాను. ఆయన మరేమీ అనలేదు. గొడ్లు పోయిన రైతుల ఇళ్లకు నాతోపాటు వచ్చారు. మర్నాడు చాటింపు వేయించి, పిలక లేచిన చేలన్నీ దున్నించారు. అదే దంటు ముదిరి, కోసి, ఎండబెట్టాక భయం లేదనీ, లేత పిలక దగ్గరే జాగ్రత్తనీ ఊరూరా ఆయనే చెప్పుకొచ్చారు. నిజానికి అది నా పని.

ఇక ఒంగోలు గిత్త గురించి చెప్పకపోతే ఈ గడ్డ మీద మాట్లాడినట్టు కాదు.

గుండ్లకమ్మ, మూసీల మధ్య నల్లరేగడిలో పుట్టిన ఆ జాతిని జొన్న చొప్పే పెంచింది. తెల్లటి వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, దాని కింది నల్లటి చర్మం కమిలిపోదు. వదులుగా వేలాడే గంగడోలు, మడతలు పడ్డ చర్మం ఒంటి వేడిని బయటికి పంపుతాయి. చెమట గ్రంథులు చలిదేశపు ఆవుకంటే ఎక్కువ. ఉన్నచోట ఉన్న మేతతో, ఉన్న ఎండలో బతకడానికి తయారైన ఒళ్లు అది.

1868లో ఇంగ్లండు వెళ్తున్న ఒక ఓడ దారిలో బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఆగిందనీ, అందులోని ఒంగోలు జంటను అక్కడే అమ్మేశారనీ అక్కడి పశుపోషకులు చెప్పుకుంటారు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ ఈ జాతి పేరు నెలోరే. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి వెళ్లిన గిత్తల్లో ఒకదాని పేరు కర్వాడి. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధికభాగం నెలోరే రక్తమే. 2023లో వయాటినా-19 అనే నెలోరే ఆవు విలువను అక్కడి వేలంలో నలభై లక్షల డాలర్లకు పైగా కట్టారు. ఆ వార్త వచ్చినప్పుడు మనవాళ్లు గర్వపడ్డారు. గర్వం సరే. నేను గమనించింది ఇంకొకటి.

బ్రెజిల్ నడిమి పీఠభూమిలో, సెర్రాడో అనే ఎర్రమట్టి నేలల్లో, అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా మొక్కజొన్నతోపాటు బ్రకియారియా గడ్డిని కలిపి విత్తించింది. ఆ గడ్డి ఆఫ్రికాది. మొక్కజొన్న నీడలో అది నెమ్మదిగా పెరుగుతుంది. గింజ కోసేసరికి చేను పచ్చికబయలవుతుంది. మన ఒంగోలు సంతతి, ఆఫ్రికా గడ్డిని, మొక్కజొన్న చేలో, వానలు ఆగిన నెలల్లో మేస్తుంది. అది వేసిన పేడ మీద మళ్లీ సోయా వేస్తారు. మన డెల్టా రైతు వరిలో పిల్లిపెసర చల్లిన పద్ధతే అది, కాకపోతే వేల ఎకరాల్లో. అదే బ్రెజిల్‌లో అడవులు నరికి పచ్చికబయళ్లు చేసిన పాపంలోనూ ఈ జాతికి భాగం ఉంది. ఆ సంగతి దాచి గర్వపడితే డాక్టరుగారు ఒప్పుకోరు. గొడ్డు ఎక్కడైనా గొడ్డే. దాన్ని పంటతో కట్టేస్తే నేల బాగుపడుతుంది, అడవి మీదికి తోలితే అడవి పోతుంది.

మరి పుట్టింట్లో ఏమైంది? చొప్ప పండే నల్లరేగడిలోకి పొగాకు వచ్చింది. పొగాకు చేలో గొడ్డు మూతి పెట్టదు. పత్తి వచ్చింది, మిరప వచ్చింది. ఆ తర్వాత కాగితం మిల్లుల కోసం జామాయిల్, సుబాబుల్ తోటలు వచ్చాయి. ట్రాక్టరు వచ్చాక ఎద్దు అవసరమూ తగ్గింది. ఏ రైతునూ నేను తప్పుపట్టను. పిల్లల చదువుకు డబ్బులిచ్చే పంట వేసుకోవడం ఆయన హక్కు. కానీ జాతి తగ్గిపోతోందని బాధపడుతూ సభలు పెట్టేవాళ్లు మేత గురించి మాట్లాడకపోతే నాకు కష్టంగా ఉంటుంది. చొప్ప లేని ఊళ్లో ఒంగోలు ఆవును బతికించమంటే ఎలా?

సుబాబుల్ అన్నాను కాబట్టి ఒక సంగతి. దాని ఆకు మంచి మేత, మాంసకృత్తులు దండిగా ఉంటాయి. అందులో మైమోసిన్ అనే విషం కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలో అది మేసిన పశువులకు వెంట్రుకలు రాలి, గొంతు దగ్గర వాపు వచ్చేది. హవాయి దీవుల్లో అదే ఆకు మేసిన మేకలకు ఏమీ కాలేదు. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆ మేకల కడుపులోని సూక్ష్మజీవిని ఆస్ట్రేలియా పశువుల కడుపులోకి ఎక్కించి వాటిని ఆ బాధ నుంచి తప్పించాడు. ఆ జీవికి ఆయన పేరు మీదే సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఈ కథ డాక్టరుగారికి చెప్పినప్పుడు చిన్నపిల్లాడిలా రెండుసార్లు చెప్పించుకున్నారు.

గొర్రెల మంద గురించి కాపరుల ముందు నేను ఎక్కువ మాట్లాడకూడదు. అయినా విద్యార్థుల కోసం చెబుతాను. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1.90 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, సుమారు 1.76 కోట్లు. ఇంత సంపద దాదాపుగా సొంత భూమి లేనివాళ్లో, కొద్దిపాటి మెట్ట ఉన్నవాళ్లో పెంచుతున్నది. పంట కోశాక చేలలో మేపుకుంటూ, రాత్రి ఎవరి పొలంలో మంద నిలిపితే ఆ రైతు దగ్గర డబ్బో ధాన్యమో తీసుకుంటూ, రాయలసీమ, పాలమూరు నుంచి డెల్టా దాకా నడుస్తారు.

ఒకసారి డాక్టరుగారితో అలాంటి మంద దగ్గర రాత్రంతా ఉన్నాను. ఆయన ఆ మందకు పొద్దున టీకాలు వేయాలి. చుట్టూ వల కట్టారు. మధ్యలో వందల గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. నడిరేయి దాటాక పెద్ద కాపరి లేచి, కర్రతో నేల మీద కొడుతూ మందను లేపాడు. లేచిన గొర్రె వెంటనే మూత్రం పోస్తుంది. అన్నీ లేచి, పోసి, పది బారలు పక్కకు జరిగి మళ్లీ పడుకున్నాయి. తెల్లవారేలోగా ఇంకోసారి. అలా జరపకపోతే పొలంలో ఒకచోట ఎక్కువై, ఒకచోట ఏమీ లేకుండా పోతుందని చెప్పాడు. ఆ మూత్రం వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంటే నా చదువు గుర్తొచ్చింది. పశువు బయటికి వదిలే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే ఉంటుంది. మన పెంటదిబ్బల్లో అది ఇంకిపోయో ఎండకు ఆవిరైపోయో పోతుంది. కాపరి దాన్ని నేరుగా చేలో పోయిస్తున్నాడు. పొద్దెక్కకముందే రైతు నాగలి కట్టి దాన్ని మట్టిలో కలిపాడు. ఆలస్యమైతే సత్తువ ఎగిరిపోతుందని ఆయనకు తెలుసు.

ఇక్కణ్ణుంచి ఏడెనిమిది వేల కిలోమీటర్ల దూరంలో, నైజీరియా, నైజర్ మెట్టల్లో ఫులానీ కాపరులకూ హౌసా రైతులకూ మధ్య ఇదే ఒప్పందం నడుస్తుంది. ఒకరి పశువు ఇంకొకరి సజ్జ చేలో రాత్రి పడుకుంటుంది. అక్కడి చేలలో ఒక తుమ్మజాతి చెట్టు ఉంటుంది, ఫైదెర్బియా. వానాకాలంలో ఆకు రాల్చి పంటకు ఎండ వదులుతుంది. ఎండాకాలంలో చిగురించి, పశువుకు నీడా కాయా ఇస్తుంది. ఆ చెట్టు కింద సజ్జ బాగా పండుతుంది. ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒకరినొకరు చూడలేదు. ఒకే రకం వాన, ఒకే రకం కరువు ఇద్దరికీ ఒకే పద్ధతి నేర్పాయి.

ఈ ఒప్పందాలు రెండు చోట్లా బలహీనపడుతున్నాయి. కోత యంత్రం వచ్చాక వరిగడ్డి మడిలోనే తుక్కుగా పడుతోంది. కట్టలు కట్టే కూలి గిట్టక కొందరు నిప్పు పెడుతున్నారు. అదే నెలలో వంద కిలోమీటర్ల అవతల మెట్టలో గడ్డి లేక గొడ్లు సంతకు పోతున్నాయి. అనంతపురంలో ఏటా సగటున అయిదువందల యాభై మిల్లీమీటర్ల వానకు ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఉలవ కలిపి వేసేవాళ్లు. ఆ చేలన్నీ వేరుశనగ ఒక్కటిగా మారాయి. వాన సరిగా పడ్డ ఏడు కట్టె మంచి మేతే. వాన తప్పిన ఏడు కాయా లేదు, కట్టే లేదు. నాలుగు రకాల పంటలున్నప్పుడు ఒకటి పోయినా ఇంకోటి గొడ్డును నిలబెట్టేది.

చేయగలిగిన పనులు లేకపోలేదు. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై లీటర్ల నీళ్లలో కలిపి, పొరపొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి మూడువారాలు ఉంచితే గడ్డి మెత్తబడి, అరుగుదల పెరుగుతుంది. ఇది నేను రైతుల ఇళ్లలో చేయించి చూశాను. యూరియా సరిగా కొలవాలి, విడిగా గొడ్డు నోటికి అందనివ్వకూడదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి నడుస్తున్న నల్లరేగడి ప్రయోగంలో ఎత్తు మడులు, కాలువలు, జొన్న కంది జోడీ, సరైన ఎరువులతో హెక్టారుకు సగటున 5.1 టన్నుల గింజ వచ్చింది. పాత పద్ధతిలో 1.1 టన్నులు. ఆ ఎత్తు మడులు కట్టడానికి వాడింది ఫ్రెంచి నిపుణుడు జాఁ నోల్ రూపొందించిన ట్రాపికల్టర్ అనే పరికరం. దాన్ని లాగింది జత ఎద్దులు. గింజ నాలుగున్నర రెట్లు దాటడానికి ఎద్దు అడ్డం రాలేదు.

నా తర్వాత జొన్న మీద పనిచేస్తున్న యువ శాస్త్రవేత్తలు ఈ సభలో ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. వాళ్లను ఒకటి అడుగుతున్నాను. ప్రయోగపు మడిలో గింజ తూచిన రోజే దంటు కూడా తూచండి. ఎండాక ఇంకోసారి తూచండి. ఎంత అరుగుతుందో పరీక్ష చేయించండి. మోడు మీద పిలకలు వేస్తే, అందులో విషం ఎంతో చూసి, విత్తనం సంచి మీద తెలుగులో రాయించండి. నాము అనే మాటతోనే రాయించండి.

పశువైద్య విద్యార్థులకు చెప్పవలసింది డాక్టరుగారు చెప్పే ఉంచారు. ఆయన కేసుల రిజిస్టర్లు పదకొండు, వాళ్ల అమ్మాయిగారు ఇవాళ ఇక్కడికి తెచ్చారు. ప్రభుత్వం ఇచ్చిన రిజిస్టరులో రైతు ఊరు, పశువు, రోగం, మందు అనే గళ్లు ఉంటాయి. ప్రతి పేజీలోనూ ఆయన స్కేలుతో ఇంకో గీత గీసి, ఒక గడి అదనంగా కలిపారు. దాని పైన మేత అని రాసుకున్నారు. తొలకరి వానకు లేచిన లేతగడ్డి మేసి చిటుకు రోగంతో పోయిన గొర్రెలు, ఎండకు మూగ ఎదకొచ్చి ఎవరికీ తెలియకుండా నెల తప్పిపోయిన గేదెలు, కాళ్లు నేల మీద ఆనించలేని గాలికుంటు గొడ్లు, ప్రతి ఒక్కదాని ఎదురుగా ఆ వారం అది ఏ చేలో ఏ పంట మేసిందో రాశారు. నా అయిదు గొడ్ల పేజీ కూడా ఉంది. ఆ గడిలో నా రకం పేరు రాయలేదు. జొన్న నాము అని మాత్రం రాసి వదిలేశారు.

ఆ రిజిస్టర్లు వేదిక పక్కన బల్ల మీద ఉన్నాయి. సభ అయ్యాక చూడవచ్చు. కాగితం పాతబడింది, పేజీలు నెమ్మదిగా తిప్పండి.